మాస్కు ముఖమున ఇముడు విధము

నిద్రాపరీక్ష ముగిసి, ఇది స్లీప్ ఆప్నియా యని వైద్యుడు నిర్ధారించి, రాత్రి పొడవునను ఒత్తిడితో గాలి నందించు సీప్యాప్ యంత్రమును వాడుమని వ్రాసి యియ్యగా, వేలకు వేలు పోసి కొని తెచ్చుకొనిన గృహస్థులలో కొందరు నెల తిరుగకమున్నే దానిని బీరువా పైకెక్కించివేయుట కద్దు. కారణ మడిగినచో వారు యంత్రమును తప్పు పట్టరు. మాస్కును తప్పు పట్టుదురు. కన్నులలోనికి గాలి కొట్టుచున్నదని యొకరు, ముక్కుదూలము పుండు పడినదని యొకరు, నడిరేయి అది బుస్సుమని కూయగా ప్రక్కవారికిని నిద్ర లేదని వేరొకరు చెప్పుదురు. ఈ ఫిర్యాదులు మూడైనను మూలము చాలవరకు ఒక్కటే. గాలి జారినప్పుడెల్ల పట్టీలను ఇంకొక లాగు లాగి బిగించుచుందురు. ఆ బిగింపే జారుటను పెంచుచుండును. తన ముఖమునకు తగిన మాస్కును, పరుండిన స్థితిలో, గాలి వచ్చుచుండగా, సాధ్యమైనంత వదులుగా సర్దుకొనినవానికి ఈ బాధలలో అధికభాగము తొలగునని చెప్పుటకే యీ యధ్యాయము.

గాలి జారుట ఈ చికిత్సతోపాటే పుట్టిన సమస్య. నిద్రలో కంఠమునందలి కండరములు సడలి, శ్వాసమార్గము మూసుకొనిపోయి, పది సెకండ్లో అంతకు మించియో ఊపిరి నిలిచి, మెదడు ఉలికిపడి లేపగా మరల ఊపిరి తిరుగుట, ఇట్లు రాత్రి యెల్ల జరుగుట ఈ వ్యాధి స్వరూపము. తీవ్రముగా నున్నవారికి ఈ యంత్రము రాకముందు ప్రధానమైన చికిత్స గొంతునకు రంధ్రము చేసి గొట్టము అమర్చుటయే. 1980లో ఆస్ట్రేలియా దేశమున సిడ్నీ నగరములో కొలిన్ సల్లివన్ అను వైద్యుడు, వాక్యూమ్ క్లీనరు మోటారును తిరుగవేసి, అది పీల్చుటకు మారుగా ఊదునట్లు చేసి, ఆ గాలిని స్వల్పమైన ఒత్తిడితో రోగి ముక్కులోనికి పంపగా మూసుకొనిన దారి తెరచుకొని గురక నిలిచినది. ఐదుగురు రోగుల విషయమున తాను చూచినదానిని ఆయనయు సహచరులును 1981లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. అందరును యంత్రమును స్మరింతురు గాని, ఆ తొలి దినములలో మాస్కును ముఖమునకు ఎట్లు నిలిపిరో స్మరించువారు అరుదు. రోగి ముక్కునకు సరిపడునట్లు అచ్చు తీసిన మాస్కును ప్రతి రాత్రియు సిలికాన్ జిగురుతో ముఖమునకు అంటించి, తెల్లవారిన పిదప ఒలిచెడివారు. గాలిని పుట్టించుట సులభము, దానిని ముఖముమీద నిలుపుట కష్టము అని ఆనాడే తేలినది.

నేటి మాస్కులకు జిగురు అక్కరలేదు. ఆ పనిని గాలియే చేయును. ముఖమును తాకు సిలికాన్ కుషను చాల మాస్కులలో రెండు పొరలుగా నుండును. లోపలి పొర దళసరి, వెలుపలిది అతి పలుచన. యంత్రమునుండి వచ్చు గాలి ఈ రెండింటి నడుమ ప్రవేశించి, పలుచని పొరను ఉబ్బించి, చర్మముమీది ప్రతి మిట్టకును పల్లమునకును దానిని తానే అద్దును. లోపలి మూత గల ప్రెషర్ కుక్కరులో ఆవిరియే మూతను అంచునకు నొక్కి పట్టి బయటికి పోవు దారిని మూయునట్లు, ఇచ్చట లోపలి ఒత్తిడియే జారుటకు అడ్డగును. పట్టీల పని యేమన, మాస్కును దాని చోట నిలిపి యుంచుట మాత్రమే. వానిని అతిగా బిగించినచో పలుచని పొర దళసరి పొరమీదికి అణగిపోవును, ఉబ్బుటకు ఎడము లేకపోవును, ముడుతలు పడును, ఆ ముడుతల గుండా గాలి తప్పించుకొనును. అప్పుడు రోగి ఇంకను బిగించును. అందువలననే ముక్కుదూలము మొదట ఎరుపెక్కి, పిదప పుండగును. ఏలయన అచ్చట చర్మమునకును ఎముకకును నడుమ కండ యనునది మిక్కిలి తక్కువ. ఉదయము మాస్కు తీసిన తరువాత కొంతసేపటికి కూడ చెరగని ఎర్రని గీత ముఖముమీద నిలిచినచో, అది బిగింపు మితిమీరినదనుటకు తిరుగులేని సాక్ష్యము.

సర్దుటకు పూనుకొనకముందు తెలిసికొనవలసిన ప్రాణాంశ మొకటి కలదు: జారు గాలి యంతయు దోషము కాదు. ప్రతి సీప్యాప్ మాస్కునకును ముందుభాగమున గాని, గొట్టము కలియు మోచేతివంపున గాని సన్నని రంధ్రములు కావలెననియే చేయబడి యుండును. మనము విడుచు ఊపిరిలోని బొగ్గుపులుసు గాలి బయటికి పోవు దారి అదియే. ఒత్తిడిని బట్టి నిమిషమునకు పదులకొలది లీటర్ల గాలి ఆ రంధ్రములగుండా పోవుచుండును, పోవలెను కూడ. అంచునుండి వచ్చు గాలి శబ్దమునకును ఈ రంధ్రముల శబ్దమునకును భేద మెరుగక, ఇదియే లీకు కాబోలునని ప్లాస్టరు ముక్కతో వానిని మూసివేయువారు కలరు. అట్లు మూసినవాడు తాను విడిచిన గాలినే మరల పీల్చుచుండును. ఇదే కారణమున ఆస్పత్రిలో వెంటిలేటరుకు తగిలించు రంధ్రములు లేని మాస్కును, ఆకారము ఒక్కటే గదా యని, సర్జికల్ షాపులో చవుకగా కొని ఇంటి యంత్రమునకు తగిలింపరాదు. ఆ మాస్కులకు గాలి విడుచు ద్వారము వేరొకచోట, గొట్టమునందో యంత్రమునందో యుండును. వైద్యునికి తెలియకుండ మాస్కు రకమును మార్చువారు మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న, ఊపిరి పోవు రంధ్రము లెచ్చట నున్నవి యని.

ఇక సర్దు విధానము. మాస్కు అమ్మువారిలో పలువురు కొనువానిని కుర్చీలో కూర్చుండబెట్టి, అద్దము చూపి, పట్టీలు తగిలించి, చక్కగా కుదిరినదని పంపివేయుదురు. కూర్చున్నవాని ముఖము వేరు, పరుండినవాని ముఖము వేరు. వెల్లకిల పండుకొనగానే బుగ్గల కండ చెవులవైపు జారును, దవడ వెనుకకు వ్రాలును, ఒత్తిగిల్లినపుడు క్రిందివైపు చెంప ఉబ్బును. కావున కూర్చుండి కుదిర్చిన మాస్కు పండుకొనగానే కుదురు తప్పుట వింత కాదు. పడక పరుచుకొని, ఎప్పుడును వాడు దిండునే పెట్టుకొని, పరుండి సర్దుకొనవలెను. యంత్రము నడచుచుండవలెను. చాల యంత్రములు రోగి నిద్రపోవువరకు తక్కువ ఒత్తిడితో మొదలై క్రమముగా పెరుగు ఏర్పాటుతో వచ్చును. ఆ ఏర్పాటు గల యంత్రము నాలుగు సెంటీమీటర్ల నీటి ఒత్తిడితో మొదలిడుచుండగా సర్దిన మాస్కు, నడిరేయి అది పది పన్నెండునకు చేరగానే లేచిపోవచ్చును. ఒత్తిడి ఇరువది వరకు పోగల యంత్రములు కూడ నున్నవి. మాస్కు అమరికను పరీక్షించుటకై చికిత్స ఒత్తిడిని కొద్దిసేపు ముందుగానే విడుదల చేయు ఏర్పాటు కొన్ని యంత్రములలో కలదు. ఉన్నచో దానిని వాడుకొనవలెను.

మొదట పట్టీల నన్నిటిని వదులు చేయవలెను. ఇంతకుముందు కుదిరిన కొలత పోవునే యని జంకనక్కరలేదు, ఆ కొలతయే గదా మనలను బాధించినది. మాస్కు క్రిందిభాగమును ముందుగా దాని చోట ఆనించి, పైభాగమును ముక్కుదూలముమీదికి వాల్చి, పట్టీలను తలమీదుగా దింపి, గాలి వచ్చుచుండగా మాస్కును ముందునుండి పట్టుకొని ముఖమునుండి ఒక్క క్షణము కొంచెముగా ఎత్తి, మరల మెల్లగా వదలవలెను. ఈ చిన్న పనితో అణగిన కుషను ఉబ్బి తన చోట తాను కూర్చుండును. ఈ యధ్యాయములో ఒక్క మాటనే గుర్తుంచుకొనగలవారు దీనిని గుర్తుంచుకొందురు గాక. రాత్రి నిద్రలో మాస్కు జరిగి శబ్దము చేసినపుడు కూడ పట్టీని వెదకుటకు మారుగా మాస్కును ఇట్లు ఎత్తి వదలినచో పలుమారు చాలును. అప్పటికిని జారినచో ఎక్కడ జారుచున్నదో కనుగొనవలెను. తడి వ్రేలిని అంచు చుట్టును త్రిప్పినచో చల్లగా తగిలిన చోటే ఆ చోటు. కన్నులవైపు జారుచున్నచో నుదుటి సంబంధమైన పై పట్టీలను, నోటివైపు జారుచున్నచో చెవుల క్రిందుగా పోవు పట్టీలను, కొద్దికొద్దిగా, రెండు వైపుల సమానముగా సవరింపవలెను. ఒకవైపు మాత్రమే లాగినచో మాస్కు వంకర తిరిగి రెండవవైపు తెరచుకొనును. పట్టీ క్రింద ఒకటి రెండు వ్రేళ్లు సులభముగా దూరునంత వదులుండవలెనని సాధారణమైన కొలత. పిదప కుడివైపునకు, ఎడమవైపునకు ఒత్తిగిల్లి చూడవలెను. ఎప్పుడును పండుకొను వైపున జారకున్నచో అదియే చాలు.

కుదిరిన మాస్కును చెడగొట్టుటలో దిండును గొట్టమును సమానమైన పాత్ర వహించును. మెత్తని పెద్ద దిండు మాస్కు అంచును ప్రక్కకు త్రోయును. ముఖము దిండు అంచు దాటి యుండునట్లు పండుకొనుట మేలు. గొట్టము మంచము అంచున వ్రేలాడుచు తన బరువుతో మాస్కును లాగుచుండగా ఎంత సర్దినను వ్యర్థమే. దానిని తల వెనుకగా, మంచము తలాపి కొయ్యమీదుగా, కదలుటకు తగిన పొడవు వదలి తీసికొనిపోయినచో ప్రక్క మార్చినపుడు గొట్టమును వెంట వచ్చును.

మన ముఖములను గూర్చియు కొంత చెప్పవలసి యున్నది. ఏలయన మాస్కుతో వచ్చు పుస్తకములు మన స్నానములను, తలనూనెలను, ముక్కుపుడకలను ఎరుగవు. పండుకొనబోవుటకు ముందు ముఖమును సబ్బుతో కడిగి తుడుచుకొనవలెను. కొబ్బరినూనె గాని, క్రీము గాని, వాసెలిన్ గాని ముఖమున నున్నచో కుషను జారిపోవును. అంతేకాక ఆ జిడ్డు సిలికాన్‌ను మెల్లమెల్లగా పాడుచేయును. తలకు నూనె పెట్టుకొను అలవాటున్నవారు ఉదయమునకు మార్చుకొనుట ఉచితము. నిద్రవేళ ముక్కుపుడకను, ముఖ్యముగా ముక్కుచుట్టు కుషను ఆను చోట నున్నదానిని, తీసివేయవలెను. దాని మొన పలుచని పొరను చించగలదు. జడ, కొప్పు గల స్త్రీలకు వెనుక పట్టీ ఎక్కడ ఆనవలెనన్నది చిక్కు ప్రశ్న. కొప్పును విప్పి, జడను వదులుగా అల్లి ప్రక్కకు వేసి, పట్టీ తల వెనుక గుండ్రని ఎముక క్రిందుగా పోవునట్లు చూచినచో చాలవరకు తీరును. తిరుమలలోనో మరియొకచోటనో తలనీలాలు సమర్పించి వచ్చినవారు ఆ రాత్రి పట్టీ లన్నిటిని క్రొత్తగా కొలుచుకొనవలెను. తలవెండ్రుకల దళసరి పోగానే పట్టీలు జారును, మరల పెరుగునంతకాలము వారము వారము కొలత మారుచుండును. కట్టుడు పళ్లు గలవారికి పళ్లు తీసిన తరువాత పెదవులును బుగ్గలును లోనికి పోవును గనుక, రాత్రి పళ్లు ఏ స్థితిలో నుండునో ఆ స్థితిలోనే మాస్కును కొలువవలెను. మీసము సంగతి మరింత సున్నితము. పై పెదవిమీది మీసము కుషను అంచును ఎత్తిపట్టును. కాని తెలుగువానిని మీసము తీసివేయుమని చెప్పు సాహసము నాకు లేదు. కుషను మీసముమీద గాక నాసారంధ్రములందే ఆను రకమును ప్రయత్నించుమని మాత్రము చెప్పుదును.

మాస్కులు స్థూలముగా మూడు విధములు. ముక్కు నంతటిని కప్పునది, నాసారంధ్రములలో చిన్న దిండ్లవలె కూర్చుండునది, ముక్కును నోటిని కలిపి కప్పునది. నోరు తెరచి నిద్రించువాడు మూడవదానినే కోరుట సహజము, అంగడివాడు దానినే ఇచ్చుటయు సహజము. కాని ఆ పెద్ద మాస్కునకు చుట్టుకొలత యెక్కువ, జారుటకు చోట్లు ఎక్కువ. దవడను వెనుకకు నొక్కు స్వభావము కూడ దానికి కలదు. అమెరికా దేశపు నిద్రావైద్యుల సంఘము 2019లో ప్రకటించిన మార్గదర్శకములు సైతము సాధారణముగా ముక్కు మాస్కునో నాసారంధ్ర మాస్కునో ముందుగా ఎన్నుకొనుమని సూచించినవి. నోటినుండి గాలి జారుటకు కారణము పలుమారు ముక్కు మూసుకొనిపోవుటయే; ఎలర్జీకి, ముక్కు లోపలి వాపునకు వైద్యము జరిగి, ముక్కులోనికి పోవు గాలికి వెచ్చదనమును తేమయు చేర్చినచో నోరు దానంతట అది మూతపడుట కలదు. అప్పటికిని పడనిచో గడ్డముక్రింది పట్టీని ప్రయత్నింపవచ్చును. నోటికి ప్లాస్టరు అంటించుకొను నేటి వేలంవెఱ్ఱిని మాత్రము, ముక్కు స్వచ్ఛముగా నున్నదని డాక్టరు చూడకుండ, నేను సమర్థింపజాలను. ముక్కు పూర్తిగా మూయబడియున్నవారికిని, ఎన్ని ఉపాయములకును నోరు మూతపడని వారికిని పెద్ద మాస్కే శరణ్యము. కరెంటు పోయి గాలి ఆగినపుడు తెరచుకొను రక్షణ కవాటము అట్టి మాస్కులకు ఉండును. వాడుకలో దానిని మూయకుండ, కడిగినపుడు మరచిపోకుండ చూడవలెను.

తేమ చేర్చు పాత్రలో డిస్టిల్డ్ నీటినే పోయవలెను. మన బోరు నీటిలోని లవణములు తెల్లని పొరగా అడుగుపట్టును. పెట్రోలు బంకులలో బ్యాటరీలకు అమ్ము నీరు ఊపిరికి ఉద్దేశించినది కాదు. ఏసీ గదిలో వెచ్చని తేమగాలి చల్లని గొట్టమును తాకి నీటిబొట్లుగా మారి ముఖమువరకు వచ్చి చేరుట అనుభవమునకు వచ్చును. ఆ నీరు కుషను అంచున చేరినచో అదియును జారుటకు దారి. గొట్టమునకు బట్ట తొడుగు వేసి, తేమను ఒక మెట్టు తగ్గించి, యంత్రమును మంచముకంటె క్రిందుగా ఉంచినచో నీరు వెనుకకు ప్రవహించును.

కుషనును ప్రతి ఉదయము గోరువెచ్చని నీటిలో మెత్తని సబ్బుతో కడిగి, నీడలో ఆరవేయవలెను. ఎండలో పెట్టుట, స్పిరిటుతో తుడుచుట దాని ఆయువును హరించును. పట్టీలను వారమున కొకమారు ఉతికిన చాలును. ఎంత జాగ్రత్తతో వాడినను సిలికాన్ పొర కాలక్రమమున మెత్తదనము కోల్పోయి, పసుపు వన్నెకు తిరిగి, చేత తాకిన జిగటగా నుండును. పట్టీల సాగుదల చచ్చి, వెల్క్రో నూలు తేలును. నిన్నటివరకు కుదిరిన మాస్కు నేడు కారణము లేకుండ జారుచున్నచో, బిగించుటకు పూర్వము కుషనును వెలుతురునకు పట్టి చూడవలెను. మాస్కును నిలుపుటకు అయస్కాంతపు క్లిప్పులున్నవేమో కూడ ఒక్కమారు చూడవలెను. గుండెలో పేస్‌మేకరు గాని, ఇతర లోహపరికరము గాని అమర్చుకొనినవారు అట్టివానిని దూరముగా, కనీసము పదునైదు సెంటీమీటర్ల ఎడమున ఉంచవలెనని తయారీదారులే హెచ్చరించి యున్నారు. మంచము పంచుకొను వారికి పేస్‌మేకరున్నను ఈ హెచ్చరిక వర్తించును.

చికిత్సను కొలుచు యంత్రములు ఉదయము తెరమీద జారిన గాలి లెక్కను చూపును. ఒక ప్రసిద్ధ కంపెనీ యంత్రములలో మాస్కు రంధ్రములకు మించిన అనవసరపు జారుదల నిమిషమునకు 24 లీటర్లలోపు నున్నంతవరకు సంతృప్తికరమని చూపును. వేరొక కంపెనీది మొత్తము జారుదలను చూపును. కావున ఇరుగుపొరుగువారి యంకెతో మన యంకెను పోల్చుకొనరాదు. అంకె పరిమితిలో నున్నది, నిద్ర పట్టుచున్నది, పగలు మత్తు తగ్గినది యనినచో ఆ కొద్ది జారుదలను సున్నకు తెచ్చుటకై ప్రతి రాత్రియు పట్టీలతో కలహించుట వృథా. పరిమితి దాటి, పగటి నిద్రమత్తు తిరిగి వచ్చి, గురక మరల వినబడుచున్నచో, ఒత్తిడి మార్పో, మాస్కు పరిమాణపు మార్పో అవసరమైనదని గ్రహింపవలెను. ఒళ్లు బాగుగా తగ్గినవారికి, పెరిగినవారికి ఇది తప్పనిది. అట్టివారు డాక్టరువద్దకు పోవునపుడు మాస్కును యంత్రమును రెంటిని వెంట తీసికొని పోవలెను. అచ్చట కుర్చీలో కూర్చుండి చూడుమని చెప్పినచో, రాత్రి నేను పండుకొందును గదా, మంచముపై పరుండి చూపెదనని మొహమాటము లేకుండ అడుగవలెను.